గేటు దాకా వినబడాలి

భువనగిరిలో ఇంజనీర్ల సంఘం అవార్డుల విందు కాసేపట్లో మొదలవుతుందనగా, ఫంక్షన్ హాలు గేటు ముందు ఒక ముసలామె వచ్చి కూర్చుంది. చేతిలో చిన్న ఫ్లెక్సీ. దాని మీద రెండు జడల పాప నవ్వుతోంది. కింద ఎర్రటి అక్షరాలు: ‘నా మనుమరాలిని తిన్న టవర్ తీసెయ్యాలె.’

సంఘం అధ్యక్షుడు నాగేందర్‌కు గుండెల్లో రాయి పడింది. ఆ సాయంత్రం ముఖ్య అతిథిగా మాట్లాడబోయేది రేడియో ఇంజనీరు స్నేహలత. సెల్ టవర్ల తరంగాలు కొలవడమే ఆమె ఉద్యోగం. హైదరాబాద్ నుంచి వస్తూ, దగ్గర్లోనే ఉన్నానని ఇప్పుడే ఫోన్ చేసింది.

నాగేందర్ గేటు దగ్గరికి వెళ్లాడు.

“ఏ ఊరమ్మా?”

“చౌటుప్పల్ అవతల. నా పేరు బిక్షమ్మ. బడి పక్కపొంటే టవర్ ఏసిండ్రు సారూ. నా నవనీతను గా బడిల నేనే చేర్పించిన. పట్నంల వద్దు, నా కాడ ఉంటదని పట్టుబట్టిన. రక్తంల క్యాన్సర్ అన్నరు. దవాఖానల చుట్టూ తిరిగినం. దక్కలే.”

“పాప అమ్మానాయిన రాలేదా?”

“నాయిన ఎవ్వలతోని మాట్లాడ్తలేడు. తల్లి ముచ్చట నన్ను అడగకు.”

నాగేందర్ లోపలికి వచ్చి కూర్చోమన్నాడు. రానంది. తుంపర మొదలైంది. పోలీసులకు ఫోన్ కొడదామని కోశాధికారి పరమేష్ అన్నాడు. నాగేందర్ ఆలోచిస్తూ ఉండగానే స్నేహలత కారు వచ్చింది.

కారు గేటు దాటుతూ ఆగింది. అద్దం సగం దిగింది. స్నేహలత ఆ ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూసింది. బిక్షమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. అద్దం పైకి లేచింది.

పూలగుచ్ఛం అందుకోకముందే స్నేహలత అడిగింది, “ఆమె తిన్నదా?”

“ఎవరు మేడం?”

“గేటు కాడ ఉన్నామె. పోలీసులను పిలవకండి. కుర్చీ వేయించి, గొడుగు ఇప్పించండి.”

నాగేందర్ కొంచెం తేలికపడ్డాడు. గొంతు తగ్గించి, “మేడం, ఇయ్యాల టవర్ల సంగతి వదిలేస్తే మంచిగుంటది. కొత్త టెక్నాలజీ మీద నాలుగు మాటలు చెప్పండి చాలు” అన్నాడు.

“టవర్ల గురించే చెప్తానండి. ఒక స్పీకర్ గేటు దిక్కు తిప్పించండి. ఆడిదాకా వినబడాలె.”

నాగేందర్‌కు మనసు చివుక్కుమంది. మనుమరాలిని పోగొట్టుకున్న ముసలిదానికి మైకు పెట్టి మరీ పాఠం చెప్పాలా? ఇంత రాతిమనిషిని ఎందుకు పిలిచానా అనుకున్నాడు. అయినా స్పీకర్ తిప్పించాడు.

అవార్డులు ఇచ్చారు. ఫొటోలు దిగారు. వడ్డన మొదలైంది. స్నేహలత మైకు ముందుకొచ్చింది. చేతిలో కాగితం లేదు.

టవర్ నుంచి వచ్చే తరంగం ఎంత బలహీనమైనదో చెప్పింది. మనిషి రక్తంలోకి దూరి దాన్ని పాడుచేసే శక్తి దానికి లేదంది. టవర్ వల్ల ఆ జబ్బు వస్తుందనడానికి ఇప్పటిదాకా ఆధారం దొరకలేదంది. గొంతు ఎక్కడా పెరగలేదు. కంచాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది.

రిటైరైన ఇంజనీరు బాలస్వామి వెనక వరుసలోంచి లేచాడు.

“చెప్పుడు సులువే మేడం. మీ ఇంట్ల పిల్లకే గట్లయితే, గప్పుడు గూడ గిదే మాట అంటరా?”

ఎవరో చిన్నగా నవ్వారు. స్నేహలత మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి మానేసింది.

“అంట” అంది.

మైకు ఇంకా దగ్గరికి లాక్కుంది.

“ఆ ఊరి టవర్‌ను నేనే పోయి కొలిచిన. ఒక్కసారి కాదు. బడి కాడ కొలిచిన. ఇంటి మిద్దె మీద కొలిచిన. పాప పండుకున్న అర్రల గూడ కొలిచిన. ఎక్కువ రావాలె, ఎక్కువ రావాలె అనుకుంట కొలిచిన. వచ్చి ఉంటే ఆ టవర్‌ను నా చేతుల్తోనే పీకేద్దును. రాలే.”

ఆమె గేటు వైపు తిరిగింది.

“గందుకని తప్పు టవర్‌ది కాదు. పాపను ఆ బడిల చేర్పించినోళ్లది అసలే కాదు. ఈ మాట బయటిదాకా వినబడాలనే వచ్చిన.”

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. నాగేందర్ జ్ఞాపికతో ముందుకొచ్చేసరికి ఆమె మెట్లు దిగి నడుస్తోంది. భోజనం చేసి వెళ్లమని చెబుతూ అతను వెంటపడ్డాడు. ఆమె కారు దగ్గర ఆగలేదు. నేరుగా గేటు వైపు నడిచింది.

బిక్షమ్మ కుర్చీ పక్కన పెట్టి, తడినేల మీదే కూర్చుని ఉంది. కళ్లు తుడుచుకుని, తల ఎత్తకుండానే అంది:

“మిషిన్లు నీకు చెప్పినై. మంచిగనే ఉన్నది. నా మనసుకు ఎవ్వలు చెప్పాలె?”

“అమ్మా, మేడంను ఏమనకు. జర శాంతపడు” అన్నాడు నాగేందర్ కంగారుగా.

స్నేహలత అతన్ని చేత్తో వారించింది. పట్టుచీరతోనే ఆ బురదలో బిక్షమ్మ పక్కన కూలబడింది. ముసలామె చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

“దాన్ని పెంచింది నువ్వయితే కన్నది నేను, ఏడిస్తే ఇద్దరం ఒక్కకాడనే ఏడుద్దాం, ఇంటికి పా అత్తమ్మా.”