గలీబు ధరకి దుప్పటి

ఫోను టింగుమంది. ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ టింగుమంది.

"సేల్ అదిరింది అత్తయ్యా," అంది కోడలు, కంప్యూటర్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

దుప్పటి అంచు కుడుతున్న అత్తగారు మిషను ఆపింది. "ఏవి పోతున్నాయే?"

"డబుల్ మంచం దుప్పట్లు. ఉన్నవన్నీ ఒక్కాయనే ఆర్డరు పెట్టేశాడు. రంగు కూడా చూసుకోలేదు."

కోడలు నవ్వుతూనే మొత్తం ఎంతయిందో చూసింది.

డబుల్ మంచం దుప్పటికి దిండు గలీబు ధర పడింది.

పొద్దున చేసిన నిర్వాకం అప్పుడు వెలిగింది. ఆన్‌లైన్ షాపులో ఒకే డిజైను కింద గలీబు, సింగిల్ దుప్పటి, డబుల్ దుప్పటి అని సైజులుంటాయి. దేని ధర దానికి విడిగా వెయ్యాలి. ఈవిడగారు గలీబుకి సేల్ ధర వేసి, 'అన్ని సైజులకూ ఇదే' అన్న గడిలో టిక్కు పెట్టేసింది. హుషారు ఎక్కువైతే ఇంతే మరి.

ఉద్యోగం మానేసి, అత్తగారితో కలిసి ఎండాకాలమంతా నడుములు విరిగేలా కుట్టిన సరుకు అది. అప్పనంగా పోతే మళ్ళీ బట్ట కొనే దారి లేదు. షాపుకి మంగళం పాడాల్సిందే.

అంతలో ఫోను మోగింది.

"అమ్మా, దుప్పట్లన్నీ ఆర్డరు పెట్టింది నేనేనండి. ఆ ధర..." పెద్దాయన గొంతు.

"ధర చూసే పెట్టారుగా? సందు దొరికితే చాలు, ఇల్లు ఊడ్చుకుపోతారు. అంత పెద్దవారు, సిగ్గుండక్కర్లా?"

"అది కాదమ్మా, నా మాట..."

ఫోను పెట్టేసింది. ఆ నంబరు బ్లాక్ చేసింది. ఆ కోపంలోనే ఆర్డరు క్యాన్సిల్ నొక్కింది.

"ఆయనేం చెప్తాడో కనీసం వినాల్సింది," అంది అత్తగారు.

"వినడానికేముంది అత్తయ్యా. ఆశకి అంతుండాలి."

చన్నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చి, ఇక ధరలు సరిచేద్దామని కూర్చుంది.

టింగ్. టింగ్. టింగ్.

క్యాన్సిల్ చేసిన దుప్పట్లు తిరిగి షాపులోకి వచ్చి కూర్చున్నాయి, అదే గలీబు ధరతో. జనం ఎగరేసుకుపోతున్నారు. ఆమె తేరుకుని ఆ డిజైను మొత్తాన్నీ షాపులోంచి దించేసేసరికి సగానికి పైగా పోయాయి.

ఈసారి అత్తగారి ఫోను మోగింది. సైట్‌లో ఇద్దరి నంబర్లూ ఉన్నాయి మరి. ఆవిడ "ఆ... ఆ... చెప్తానండి," అని పెట్టేసి, కోడలి వైపు తిరిగింది.

"ఎవరత్తయ్యా?"

"ఇందాకటి ఆయనే. ధర తప్పు పడిందని చెప్పడానికే చేశాడట. నువ్వు చూసుకునేలోపు ఇంకెవరైనా కొనేస్తారని, అన్నీ తన పేరున పెట్టి పట్టి ఉంచాడట. ధర మార్చేదాకా ఆ ఆర్డరు కదపొద్దని చెప్పమన్నాడు."

కోడలికి తల కొట్టేసినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

"మరి పోయినవి?" అంది అత్తగారు మెల్లగా.

"తప్పు నాది. కొన్నవాళ్ళకి ఆ ధరకే పంపుతాను. మిగిలినవాటితో మళ్ళీ మొదలుపెడతాను. షాపు మూసే ప్రసక్తే లేదత్తయ్యా."

"అయితే ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటా."

కోడలు ఒక్కో రంగు, ఒక్కో సైజు తెరిచింది. పాత ధర చెరిపి కొత్తది వేసింది. అత్తగారు పైకి చదువుతుంటే ఈమె సరిచూసుకుంది. అన్నం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆఖరికి ఆ డిజైను మళ్ళీ షాపులో పెట్టి, కొనేవాళ్ళలాగా తన ఫోనులో షాపు తెరిచి, ప్రతి సైజూ బుట్టలో వేసి చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆర్డరులో ఉన్న అడ్రసు తమ ఊళ్ళోదే కావడంతో, లేచి అది పట్టుకుని బయల్దేరింది. ఇలాంటి క్షమాపణ ఫోనులో అడిగితే సరిపోదనిపించింది.

తలుపు తీసి "ఎవరమ్మా?" అన్నది ఆ గొంతే.

"మీ దుప్పట్లు క్యాన్సిల్ చేసింది నేనే బాబాయిగారూ. నోటికొచ్చినట్టు అన్నాను. క్షమించండి."

"ముందు ధర సరిచేశావా, అది చెప్పమ్మా."

"చేశానండి. అన్ని సైజులకీ."

"హమ్మయ్య. రా, కూర్చో."

కూర్చోవడానికి చోటు లేదు. ముందుగది నిండా దుప్పట్ల కట్టలు, తాళ్ళు కూడా విప్పనివి. ఆయన ఒక కట్ట జరిపి కుర్చీ వేశాడు.

"మీకూ దుప్పట్ల వ్యాపారమేనా?"

"ఉండేదమ్మా. గిరాకీ లేక మొన్ననే ఎత్తేశాం. ఇవి మిగిలాయి."

"మరి మా సైట్ చూస్తున్నారెందుకు?"

"మీ ధర చూసి మా ధర దించుకునేవాణ్ణి. షాపు పోయినా, పొద్దున్నే అది చూడకపోతే తోచదు."

"ఎక్కడండీ మీ షాపు?"

"బజారు మలుపులో," అన్నాడాయన మామూలుగా.

కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది. 'మలుపు షాపు కన్నా తక్కువ' అని సైట్ నెత్తిన పెద్ద అక్షరాలతో రాసి, ఆ షాపు మూయించేదాకా సేల్ ఆపేది లేదని ఆమె పంతం పట్టింది ఈయన మీదే.