లింబయ్య నోరు

రండి, రండి, దగ్గరికి జరగండి. ముచ్చట్లు ఆపండి. ఎవరి చేతిలోనైనా తినేది ఉంటే ఇప్పుడే మింగేయండి. తర్వాత మింగుడు పడకపోతే నన్ను అనొద్దు.

బోధన్‌లో ఒక చిన్న రేడియో ఉంది. బుధవారం పొద్దున పదింటికి అందులో "పానం మంచిగుందా?" అని ఒక కార్యక్రమం వస్తుంది. నాగేందర్ ముచ్చట నడిపిస్తాడు, పళ్ల డాక్టర్ రుమానా జవాబులు చెబుతుంది. ఆ గంటసేపు చెరకు కొట్టే కత్తులు కూడా మెల్లగా ఆడతాయి.

ఆ బుధవారం ఒక ముసలి ఆడగొంతు ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, మా ఇంట్ల తంబాకు లొల్లి ఉన్నదమ్మా. పెంక మీద మాడ్చి పొడి కొట్టుడు, లేస్తనే దవడకు పెట్టుడు, పండేదాక ఉమ్ముడు. దొడ్డి గోడ మొత్తం తుప్పు రంగుకు వచ్చింది. ఎండకు ఆ ఉమ్మి అట్టలు కట్టి రాలుతుంటది. ఈగలు ఆడనే కాపురం పెట్టినయి."

"ఛీ!" అన్నాడు నాగేందర్, మైకు ముందు ఉన్నానని మరిచిపోయి.

"గింతేనా బిడ్డా? మంచం కింద ఉమ్మే చెంబు ఒకటి ఉంటది. మొన్న సిరికొండ సుట్టం వచ్చి నీళ్లనుకొని గటగట తాగిండు."

నాగేందర్ తన చెరకురసం గ్లాసును మోచేత్తో దూరంగా నెట్టాడు. ఆ నిమిషాన అరవై ఊళ్లలో వాంతులయ్యాయని అంటారు. అబద్ధం. యాభై తొమ్మిదే.

రుమానా మాత్రం చలించలేదు.

"అవ్వా, నోట్ల మచ్చ ఏమన్న ఉన్నదా?"

"ఎడమ దవడ లోపల ఉన్నదమ్మా. తెల్లగ, రూపాయి బిళ్లంత. కారం తాకితే నిప్పు పెట్టినట్టే. నెల దినాల సంది వట్టి పెరుగు బువ్వనే."

రుమానా గొంతు మారింది.

"గసొంటి మచ్చను వదిలిపెట్టొద్దు అవ్వా. జల్ది చూపియ్యాలె. ఇప్పుడైతే నయం చేసుకోవచ్చు. చెరకు కోతలైనంక చూద్దామంటే పానం మీదికొస్తది."

"దవఖాన అంటే భయమమ్మా. నలుగురి ముందట నోరు తెరవాలంటే సిగ్గు గూడ."

"ఎవరవ్వా, మీ ఇంటాయననేనా?" అన్నాడు నాగేందర్.

అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"మన దిక్కు అవ్వలు మొగని పేరు తియ్యరు డాక్టరమ్మా," అని నాగేందరే నవ్వాడు. "సమజైంది అవ్వా, సమజైంది."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

పేరు చెప్పకపోతేనేం, ఆ గొంతు రాములవ్వదని ఆమె ఊరంతా పోల్చుకుంది. రాములవ్వ మొగుడు లింబయ్య. పన్నెండు కొట్టేసరికి అతని బతుకు బజార్ల పడింది.

హోటల్లో అతను తాగిన కప్పును పటకారుతో పట్టుకుని బయట పారేశారు. మంగలి అతని గడ్డం గీయడానికి ముక్కుకు రెండు తువ్వాళ్లు కట్టుకున్నాడు. బోధన్ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు అతనొక్కడికే వదిలేశారు. అతను దిగాక కూడా నిజామాబాద్ దాకా ఎవరూ కూర్చోలేదట. చెరకు చేలో ముఠా వాళ్లు నీళ్ల బిందెను అతనికి కనబడకుండా దాచారు.

లింబయ్య ఒక్క మాట అనలేదు. నోరే విప్పలేదు.

"ఎట్ల విప్పుతడు? విప్తే కారదా?" అంది ఎదురింటి గంగుబాయి. ఆమే రేడియోకు ఫోన్ చేసి ఊరి పేరు, లింబయ్య పేరు కూడా చెప్పేసింది.

"ఆయన రాకుంటే మనమే పోదాం," అంది రుమానా. శుక్రవారం రేడియో వాళ్లు మైకులతో సహా ఊళ్లోకి దిగారు. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీ వేశారు. లింబయ్యను ఎత్తుకొని రావడానికి నలుగురు మొనగాళ్లు చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని బయలుదేరారు.

ఆ అవసరం రాలేదు. లింబయ్య వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"నేనొస్త," అన్నాడు. "గని రాములవ్వ గూడ నా ఎంబడి రావాలె. ఆమె రాకుంటే నేను కదల."

"ముసలోనికి సూది అంటే భయమున్నట్టుంది!" అని నలుగురూ నవ్వారు. రాములవ్వ రానంది. లింబయ్య గడప మీద కూలబడ్డాడు. గంటసేపు బతిమిలాడితే కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఆమె కదిలింది. అప్పుడు అతనూ లేచాడు.

కుర్చీ చుట్టూ జాతర. అందరి ముక్కులకూ తువ్వాళ్లే. రాములవ్వ అందరి వెనక గోడకు ఆనుకుంది. రుమానా గ్లవ్స్ తొడుక్కుని టార్చి వెలిగించింది.

"నోరు తెరువు బాపు."

లింబయ్య తెరిచాడు. జనం ఒక్క ఊపున నాలుగడుగులు వెనక్కి పడ్డారు. గంగుబాయి తొక్కిన కాలు ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

రుమానా ఎడమ దవడ చూసింది. కుడి దవడ చూసింది. నాలుక ఎత్తి చూసింది. మళ్లీ మొదటికొచ్చి ఎడమ దవడ చూసింది.

"మచ్చ లేదు," అంది మెల్లగా. "పండ్లు మల్లెపూలోలె ఉన్నయి. ఈ బాపు జన్మల తంబాకు ముట్టలేదు."

జనం ముక్కుల మీది తువ్వాళ్లు ఒక్కొక్కటే కిందికి జారాయి. లింబయ్య నోరు మూసుకున్నాడు. కుర్చీలోంచి లేచి, అది ఖాళీగా ఉండేటట్టు పక్కకు నిలబడ్డాడు.

అప్పుడు లింబయ్య దొడ్డి పక్కింటి భీమన్న, తన బర్రెను తాడు పట్టి లాక్కుంటూ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"డాక్టరమ్మా, రాములవ్వ నోరు సూసినంక జెర మా బర్రె నోరు గూడ సూడుండ్రి, ఆమె ఉమ్మిన గోడ నాకీ నాకీ ఇది తంబాకు లేనిది గడ్డి ముడుతలేదు!"