అరువిచ్చిన ఫ్యాన్

కొండ ఎక్కుతుండగా బానెట్ కింద ఏదో ఫెళ్ళున విరిగింది.

నడుపుతున్న గైర్ ఇంజను ఆపేదాకా కారు మొత్తం గజగజా ఊగిపోయింది.

దిగి బానెట్ ఎత్తాడు. రేడియేటర్ వెనక తిరిగే ఇనప ఫ్యాన్‌కి ఒక రెక్క లేదు. అది ఎగిరి బానెట్‌కి లోపలినుంచి సొట్ట పెట్టి, కింద పడింది.

“ఇంకేముంది, టాక్సీ పిలుద్దాం,” అన్నాడు భార్యతో.

తోరిల్ నల్ల కోటు గుండీలు పెట్టుకుంటూ దిగింది.

“టాక్సీలో రమ్మన్నాడా నాన్న? తన శవపేటిక వెనక తన కారే రావాలన్నాడు. పోయేముందు అడిగింది అదొక్కటే. అమ్మ అవతల చర్చిలో ఎదురుచూస్తోంది.”

“నేనేం చెయ్యను చెప్పు?”

“నువ్వేం చేస్తావులే. చక్రం మార్చడం కూడా రాని మొగుణ్ణి కట్టుకున్నాను, నన్ననాలి.”

రోడ్డు కిందున్న ఎర్రటి చెక్క ఇంట్లోంచి ఒక ముసలావిడ పైకి వచ్చింది. నెరిసిన జడ. ఒంటిమీద మరకలు పడ్డ నీలం ఓవరాల్. వాళ్ళని పలకరించకుండా కారునే చూస్తూ నిలబడింది.

“ఏం చూస్తున్నారు?” అంది తోరిల్.

“ఫ్యాన్ పోయినట్టుంది.”

“అది మాకూ కనిపిస్తోంది.”

“ఇలాగే నడిపితే ఆ అదురుకి నీళ్ళ పంపు కూడా పోతుంది. ఫ్యాన్ తీసేసి పోదామంటే పైదాకా వెళ్ళకముందే ఇంజను మరిగిపోతుంది.” ఆవిడ గైర్ వైపు తిరిగింది. “బాబూ, కారు మా షెడ్డు దాకా దొర్లించగలవా? దిగుడే.”

షెడ్డులో అలాంటి కారే ఇంకొకటి ఉంది. రంగే వేరు.

“ఒకప్పుడు ఈ లోయలో ఇంటికొకటి ఉండేది,” అంది ఆవిడ, వాళ్ళు అడగకముందే.

తన కారు బానెట్ ఎత్తింది. బెల్టు వదులు చేసి, బోల్టులు విప్పి, ఫ్యాన్‌ని చేతుల్లోకి తీసుకుంది.

“మీ బండి సంగతో?” అన్నాడు గైర్.

“మూలన పడుంది కదా, దానికిప్పుడు ఫ్యాన్ ఎందుకు?” అంది తోరిల్. “త్వరగా కానివ్వండమ్మా.”

ఆవిడ ఫ్యాన్ పక్కన పెట్టి, తోరిల్ నాన్న కారు మీదికి వంగింది.

రేడియేటర్‌కీ ఇంజనుకీ మధ్య చెయ్యి పట్టేంత చోటే ఉంది. ఒక బోల్టు తుప్పుపట్టి కదల్లేదు. బలంగా లాగేసరికి పానా జారి ఆవిడ వేళ్ళు చీరుకుపోయాయి. రక్తం ఓవరాల్‌కి తుడుచుకుని మళ్ళీ వంగింది.

“చివర్లో బాధపడ్డాడా ఆయన?” అని అడిగింది, తల ఎత్తకుండానే.

“మీకు తెలుసా మా నాన్న?”

“ఈ దారిన పోతుంటే చూసేదాన్ని.”

“అయితే మీకెందుకు ఆ ఆరాలు? ఎదురుగా శవాన్ని పెట్టుకుని మా అమ్మ కూర్చుంది. ముందు పని చూడండి.”

“తోరిల్,” అన్నాడు గైర్ మెల్లగా. తర్వాత ముసలావిడతో అన్నాడు, “నిద్రలోనే పోయారండి. బాధపడలేదు.”

“మంచిది,” అంది ఆవిడ.

ఫ్యాన్ బిగించింది. చేత్తో తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకుంది. బెల్టు సరిచేసి ఇంజను స్టార్టు చెయ్యమంది. అదురు లేకుండా నడిచింది.

“వెళ్ళండి. దిగేటప్పుడు తొందరపడొద్దు. చివరి మలుపులో ఆయన కూడా ఎప్పుడూ నెమ్మదిగానే వెళ్ళేవాడు.”

“కొత్తది తెప్పించి మీది మీకిచ్చేస్తాం,” అన్నాడు గైర్.

తోరిల్ అప్పటికే కారెక్కి తలుపు వేసుకుంది.

చర్చి గంట మోగేవేళకి చేరారు. పేటిక వెనక ఆ కారు మెల్లగా సాగింది. తోరిల్ నాన్న హల్వార్ కోరిక తీరిందని ఊరంతా అనుకున్నారు.

కొత్త ఫ్యాన్ తొందరగానే వచ్చింది. వెళ్దామని గైర్ అంటూనే ఉన్నాడు. వచ్చే వారం చూద్దామని తోరిల్ వాయిదా వేస్తూనే ఉంది. ఆ ముసలావిడతో అంత కటువుగా మాట్లాడినందుకు ఆమెకి మొహం చెల్లలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి లోయలో మంచు పడింది. ఎర్ర ఇంటి కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి.

పక్క పొలంలో గొర్రెలకి మేత వేస్తున్న ముసలి రైతు దగ్గరికి వచ్చాడు.

“బోర్గ్‌హిల్డ్ కోసమా? మొన్ననే మట్టి చేశాం.”

“ఏమైంది?” అన్నాడు గైర్.

“వేసవిలో పట్టుకున్న దగ్గు. ఇక వదల్లేదు. దారిలో వానొచ్చినా తడుస్తూనే కొండెక్కబోయి, సగం దారిలో కూలబడిపోయింది. నేనే ట్రాక్టర్ మీద వెనక్కి తెచ్చాను.”

“ఆ వయసులో నడిచి ఎక్కడికి బయల్దేరింది?”

“హల్వార్ అంత్యక్రియలకి. ముందురోజే కారు కడిగి పెట్టుకుంది. వెనక వరసలో కూర్చుని వచ్చేస్తానంది. తీరా చూస్తే కారుకి ఫ్యాన్ లేదు. ఎవరికిచ్చావంటే చెప్పదు.”

తోరిల్ చేతిలోని ఫ్యాన్‌ని గుండెకి అదుముకుంది.

“మా కారులో వెనక సీటంతా ఖాళీయే,” అంది. “ఒక్క మాట అడిగితే ఎక్కించుకునేవాళ్ళంగా. ఎందుకడగలేదు?”

రైతు ఆమె మొహంలో హల్వార్ పోలికలు అప్పుడే గుర్తుపట్టాడు.

“మీ అమ్మ ఎదురుగా ఆ కారులోంచి ఎలా దిగుతుందమ్మా? హల్వార్ దాన్ని కొత్తగా కొన్న ఏడు, మీ అమ్మకంటే ముందు, అతని పక్క సీట్లో కూర్చుని ఈ లోయకి కాపురానికొచ్చిన కొత్త పెళ్ళికూతురు బోర్గ్‌హిల్డే.”