రెండు ప్లేట్ల ఇడ్లీ

సుబేదారి హోటల్లో సర్వర్ ఒక్క గుక్కలో పద్నాలుగు టిఫిన్ల పేర్లు చెప్పి నిలబడ్డాడు. రెండు మూడు పేర్లయ్యాక లిదియాకు అంతా ఒకటే మోతలా వినిపించింది.

"రెండు ప్లేట్లు ఇడ్లీ," అన్నాడు తండ్రి సుందర్ రావు, ఎప్పటిలాగే. "దీనికి ధ్యాస నిలువది."

టీచరుగా చేరి నెల దాటిన లిదియా చటుక్కున లేచింది. "ఆగు బాపు. నాకేం కావాల్నో నేనే చెప్త."

"కూసో బిడ్డా, అందరు చూస్తాండ్రు."

"చూడనీ. పేర్లు నా తలకాయల ఉండయి. కండ్లతోటి చూస్తె తెలుస్తది."

టేబుళ్ల మధ్య నడుస్తూ ఒక్కో ప్లేటూ చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు. ఎర్రగా కాలిన పెసరట్టు దగ్గర నిలబడి, "నాకు గిది," అంది గట్టిగా.

"మీకు ఇడ్లీయే గదా సారూ?" అడిగాడు సర్వర్.

సుందర్ రావు ఆగమన్నట్టు చెయ్యి చూపాడు. కూతురు తిరిగొచ్చాక మెల్లగా అన్నాడు:

"నాకు సుత గంతే బిడ్డా, చిన్నప్పటి సంది. పేర్లల్ల మొదాలు ఇడ్లీ అంటరని, గదొక్కటే యాదుండి అదే అడుగుత. నాకసలు ఇడ్లీ అంటెనే పడది."

లిదియా ఆయన చెయ్యి పట్టి లేపింది.

"రా బాపు, చూద్దాం. నవ్వెటోళ్లను నవ్వనీ."