ఆరో వరుస పెద్దమనిషి

"అసలీ క్లబ్బుకి అధ్యక్షుడంటూ ఒకడున్నాడా, చచ్చాడా?"

ఆరో వరుసలో లేచి నిలబడి ఐవిన్ వేసిన కేకకు మైదానమంతా తిరిగి చూసింది. మైదానమంతా అంటే నాలుగు వందల మంది. మంచుదేశపు తీరాన చేపలు ఎండబెట్టుకుని బతికే స్కార్‌విక్‌లో అంతకంటే జనం రారు. ఏప్రిల్ నెల, సీజన్లో తొలి మ్యాచ్, అప్పుడే మూడు గోల్స్ తిన్నారు. గోల్‌పోస్టు వెనక ఇంకా మోకాలెత్తు మంచు.

"మంచు ఎత్తడం కూడా చేతకాలేదు చూడు," అన్నాడు ఐవిన్ పక్కనున్న తూరెతో.

"నువ్వొచ్చావురా ఎత్తడానికి?"

ఐవిన్ స్కార్ఫ్ సవరించుకున్నాడు.

శ్రమదానం అన్న మాట వింటేనే ఐవిన్‌కి నడుము పట్టేస్తుంది. మంచు ఎత్తాలి, బెంచీలకు రంగు వెయ్యాలి, క్లబ్బు నిధుల కోసం ఇంటింటికీ తిరిగి టాయిలెట్ పేపర్లు అమ్మాలి. ఊళ్ళో అందరూ చేస్తారు. ఐవిన్ తప్ప. క్లబ్బు నుంచి ఏ మెయిల్ వచ్చినా నేరుగా చెత్తబుట్టలోకి పోయేట్టు ఫోన్లో మూడేళ్ళ కిందటే ఏర్పాటు చేసుకున్నాడు. చలికాలంలో క్లబ్బు మీటింగులు మొదలయ్యేసరికి ఎండ కాగడానికి కనారీ దీవులకు చెక్కేస్తాడు.

కానీ జట్టంటే మాత్రం ప్రాణం. అందులో అబద్ధం లేదు. ఆరేళ్ళప్పుడు నాన్న వెంట వచ్చి కూర్చున్న ఆరో వరుసను ఈ యాభై ఏళ్ళలో ఒక్క సొంతూరి మ్యాచ్‌కీ వదల్లేదు. ఈసారి పట్టికలో అట్టడుగు మూడు స్థానాల్లో మిగిలితే జట్టు మూడో డివిజన్ నుంచి నాలుగో దానికి జారిపోతుంది. నాన్న పోయినప్పటి నుంచీ అతనికి మిగిలిన ఇల్లు ఆ జట్టొక్కటే.

విరామంలో వాఫిళ్ళనే తీపి అట్ల కొట్టు దగ్గరికి వెళ్ళాడు. క్లబ్బు కార్యదర్శి రాగ్నాయే అక్కడ పిండి పోస్తుంది, కాఫీ ఇస్తుంది.

"ఐవిన్, మెయిల్ చూశావా?"

"చూశా, చూశా. ఆలోచిస్తున్నా."

"తొందరేం లేదులే. వెంటపడటం మాకూ బాగుండదు." అతను తీసిన కార్డును వెనక్కి నెట్టింది. "నీ దగ్గర డబ్బులేమిటయ్యా! తాగు."

ఫుట్‌బాల్ తెలిసినవాడికి ఆమాత్రం మర్యాద దక్కడం న్యాయమేనని ఐవిన్ అనుకున్నాడు. రెండో వాఫిల్ మీద చీజు కూడా వేయించుకున్నాడు.

మే పోయింది, జూన్ పోయింది. జట్టు రెండే మ్యాచ్‌లు గెలిచింది. కోచ్‌ను మార్చాలంటే అధ్యక్షుడు ఊ అనాలట. ఆ అధ్యక్షుడేమో ఉలకడు, పలకడు. అతని పేరేమిటో ఐవిన్‌కి తెలియదు. తిట్టడానికి పేరెందుకు?

"దద్దమ్మ! సోమరిపోతు! కుర్చీకి పట్టిన చెదపురుగు!"

వెనక వరుసలోని ముసలావిడ చప్పట్లు కొట్టింది. "ఇంత నిజాయితీ గల మనిషిని నా జన్మలో చూడలేదు," అంది. ఐవిన్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ రోజు నుంచి గొంతు కూడా పెంచాడు.

ఆగస్టులో అసలు గండం వచ్చిపడింది. జట్టు కొట్టిన పదిహేను గోల్స్‌లో పదకొండు మిక్కెల్ ఒక్కడివే. పక్క ఊరు లాంగ్‌స్ట్రాన్ వాళ్ళు అతనికి గాలం వేశారు. ఒప్పందం పొడిగిస్తే ఉంటానని అతను అంటున్నాడని ఊరంతా చెప్పుకుంటోంది. ఐవిన్‌కి మూడు రోజులుగా నిద్ర లేదు.

ఆ వారం రాగ్నా అతణ్ణి చేపల దుకాణం ముందు పట్టుకుంది.

"ఐవిన్, మెయిల్ సంగతి. శుక్రవారమే ఆఖరు."

మళ్ళీ టాయిలెట్ పేపర్లు! ఐవిన్ మొహం చిట్లించాడు. "శుక్రవారం కుదరదు తల్లీ. పండ్లు ఏరడానికి కొండమీదికి పోతున్నా. ఏ కొండని మాత్రం అడక్కు, పండ్లున్న చోటు ఎవరికీ చెప్పను."

"అంటే... వద్దంటావా?"

"వద్దనే అనుకో."

"బాగా ఆలోచించే అంటున్నావా?"

"వేసవంతా ఆలోచించాను."

రాగ్నా సరేనని తలూపి వెళ్ళిపోయింది. ఎదుటి మనిషిని నిలదీయడం ఆ ఊరి అలవాటు కాదు.

శనివారం పత్రికలో వచ్చింది. మిక్కెల్ లాంగ్‌స్ట్రాన్‌కి వెళ్ళిపోయాడు. స్కార్‌విక్ అధ్యక్షుడు పొడిగింపుకు ఒప్పుకోలేదట. ఐవిన్ పత్రికను పరపరా చించాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు కూడా.

అక్టోబరు చివర, ఆఖరి మ్యాచ్. సరిగ్గా లాంగ్‌స్ట్రాన్ తోనే. డ్రా అయినా గట్టెక్కేవాళ్ళు. ఎనభై ఎనిమిదో నిమిషంలో గోల్ పడింది. కొట్టింది మిక్కెల్. పాపం, అతను సంబరం కూడా చేసుకోలేదు. స్కార్‌విక్ జట్టు నాలుగో డివిజన్‌కి జారిపోయింది.

ఐవిన్ ఇక ఊరుకోలేదు. అధ్యక్షుణ్ణి తక్షణం తప్పించాలని రెండు పేజీల కాగితం రాసి, ఇంటింటికీ తిరిగాడు. జీవితంలో క్లబ్బు కోసం అతను ఇల్లిల్లూ తిరిగింది అదే మొదటిసారి. రెండు వందల మంది సంతకం పెట్టారు. తూరె అయితే సంతకం పెట్టి అతని భుజం గట్టిగా నొక్కాడు.

"గుండె ధైర్యమంటే నీదేరా."

"ఎవరో ఒకరు పూనుకోవాలి కదా!"

కాగితం తీసుకుపోయి రాగ్నా బల్ల మీద విసిరాడు.

"తీసుకెళ్ళి ఆ దద్దమ్మ మొహాన కొట్టు!"

రాగ్నా రెండు పేజీలూ నిదానంగా చదివింది, కళ్ళద్దాలు తీసి అతనికేసి అయోమయంగా చూసింది, కాగితం మడిచి మళ్ళీ అతని చేతిలోనే పెడుతూ అంది: "ఇంకెవరికివ్వనయ్యా, మీటింగుకి రానివాళ్ళ నెత్తినే పదవి పెట్టే అలవాటు కొద్దీ, ఫిబ్రవరి మీటింగులో అందరం చేతులెత్తి ఎన్నుకున్న అధ్యక్షుడివి నువ్వేగా!"