తోడు నడక

“మడమ ముందర ఆనల్ల. మోకాలు రవ్వంత వంగల్ల. ఆమైన వేళ్లతో నేలను వెనక్కి తోయల్ల. అంతేనమ్మా నడకంటే!” అంది కృపమణి, ఫిజియోథెరపీ గదిలో తాను నడిచి చూపిస్తూ.

రాజ్యలక్ష్మమ్మ నాలుగడుగులు వేసి, “అబ్బా!” అంటూ ఎడమ మోకాలు పట్టుకుంది.

“ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరినట్టు, ఈ కాలితో కొండెక్కుతావా?” అన్నాడు లక్ష్మీనరసయ్య. నోటికి ఎగతాళే వచ్చింది గానీ లోపల మాత్రం దిగులే. ఏటా కార్తీకంలో ఇద్దరూ కాలినడకన అహోబిలం కొండెక్కి జ్వాలా నరసింహస్వామిని చూడాలన్నది పెళ్లినాటి మొక్కు. ముప్పై రెండేళ్లు తప్పలేదు. పోయినేడు సగం దారిలో ఈమె బండ మీద కూలబడింది. చేసేదేముంది, ఆయనా పక్కనే కూలబడ్డాడు. అటునుంచి అటే సొంతూరు కమలాపురం వచ్చేశారు. ఈసారీ తప్పితే మొక్కు తెగినట్టే. ఆ బెంగతో అన్నం సయించక, ఆసుపత్రి గడప తొక్కడమే దండగనుకునే మనిషి బట్టల కొట్టు మూసి మరీ భార్యను కడపకు తీసుకొచ్చాడు.

“పెద్దాయనా, మీరొకసారి నడవండి. ఆమె చూసి నేర్చుకుంటాది,” అంది కృపమణి.

ఆయన పంచె ఎగ్గట్టి పెళ్లికొడుకులా నడిచాడు. కృపమణి గొంతుక్కూర్చుని ఆ కాళ్లనే చూసింది. ఇంకోసారి నడవమంది. ఆయన తొడ కండను వేలితో నొక్కి, “చూడుమ్మా, ఈ కండ గట్టిగుంటే మోకాలికి భారం తెలీదు. మెట్లు దిగేటప్పుడు ఒంటి బరువుకు మూడింతలు పడేది మోకాలి మీదనే,” అంది.

“నాదేముంది పాపా, ఇనుము! ఈమె పక్కన నడిచీ నడిచీ నిదానం అలవాటైంది గానీ.”

“అయితే కాళ్ల కసరత్తు రోజూ మీరూ కలిసి చేయండి. ఒక్కతే అయితే రెండ్రోజులకే మానేస్తాది. ఇంకోటి, ఆమె కింద కూచోగూడదు.”

“నేను కుర్చీలో, మీరు కొట్లో పరుపు మీదనా? నాకు మనసొప్పదు. పోనీలెండి, మొక్కు నా రాతలో ల్యాదు,” అని రాజ్యలక్ష్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“మా తాత నాటినుంచీ కుర్చీలో కూచోని యాపారం చేసినోడు ల్యాడే!” అన్నాడాయన. అన్నాడే గానీ, మరునాడే కొట్లోకి రెండు కుర్చీలు వచ్చాయి.

మూడు నెలలు పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని, కాలు చాచి పది లెక్కపెట్టేవాళ్లు. ఆమె బద్ధకిస్తే ఆయన ఊరుకునేవాడు కాదు. “ఇంకో పది! నేను చేస్తాండా కదా, నీకేమి?” అని కసిరేవాడు. ఆమె సణుగుతూనే చేసేది.

కార్తీకం వచ్చింది. పోయినేడు కూలబడిన బండ దగ్గర ఆయన భయంగా భార్య వైపు చూశాడు. ఆమె ఆగలేదు. స్వామి ముందు నిలబడినప్పుడు ఆయనకు కన్నీళ్లు ఆగలేదు.

“చూసినావా? నేను వెంటబడకపోతే ఈ జన్మలో నీ కాలు బాగయ్యేదా?”

“అంతా మీ పుణ్యమే,” అందామె.

కొండ దిగాక ఆయన టీ తేవడానికి పోయాడు. రాజ్యలక్ష్మమ్మ చాటుకు వెళ్లి కృపమణికి ఫోన్ చేసింది.

“పాపా, ఆయన మోకాలు బాగైపాయ!”