కవర్లు మారిన వారం

“అమ్మా, ఈ వారం సంచిక మధ్యాహ్నానికే అమ్ముడైపోయింది! మళ్ళీ అచ్చు వేస్తున్నాం!”

పెద్ద వారపత్రిక సంపాదకుడి గొంతు ఫోన్లోంచి గదంతా వినిపించింది. బల్లకు ఇటువైపు కూర్చున్న రచయిత్రి భర్త పొంగిపోయాడు. ఆడవాళ్ళు పొయ్యి మీద పాలు మరిచిపోయి మరీ చదివే నవలలు ఆమెవి. పెళ్ళయి రెండు నెలలే అయింది కాబట్టి, ఆమెకొచ్చిన ప్రతి మెప్పూ తనకే వచ్చినట్టుంది అతనికి.

“పదహారు వారాలు నోట్లో నాలుక లేనట్టు పడుండి, ఒక్కసారిగా మొగుడి చెంప పగలగొట్టిందే మీ నాయిక! ఏం దెబ్బమ్మా అది!”

“చెంపదెబ్బా?” అంది రచయిత్రి.

“అదేనమ్మా, కారు దగ్గర. పేర్లు మాత్రం అన్నీ మారిపోయాయి. కొత్తగా పెళ్ళయింది కదా, ధ్యాస ఎక్కడుందోలే అని మేమే దిద్దేశాం.”

ఆమె ఫోను పెట్టేసింది. ఆ చెంపదెబ్బ చిన్న వారపత్రిక కోసం రాస్తున్న సీరియల్‌లోది. అందులో నాయికకు మాటకన్నా ముందు చెయ్యి లేస్తుంది. పెద్ద పత్రిక నాయికకు ఏడవడం తప్ప ఇంకోటి తెలియదు.

“ఏమండీ, ఈ వారం భాగాలు పంపిన రెండు కవర్లూ అతికించింది మీరే కదూ?”

ఆమె రాతపనిలో అతనికి దక్కిన వాటా అదొక్కటే.

“నేనే. మారిపోయినట్టున్నాయి. నువ్వు ఎదురుగా కూర్చుని జడ అల్లుకుంటున్నావా, అటే చూస్తూ...”

“అంటే తప్పు నా జడదా?”

“నాదే! పదేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు, నా చేత్తో మంటగలిపాను. చిన్న పత్రికవాళ్ళు ఈపాటికి నీ సీరియల్ ఆపేసే ఉంటారు. నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

అతను చెప్పులు వెతుక్కుంటుండగానే ఫోను మళ్ళీ మోగింది. చిన్న పత్రిక సంపాదకుడే. ఆమె రిసీవర్ ఎత్తింది.

“ఎంత పని చేశారమ్మా! మా ఆవిడ పొద్దుటినుంచీ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. అంతటి గడుసుపిల్ల మొగుడి చొక్కా పట్టుకుని బావురుమంటుందని ఎవరనుకున్నారు? ఇంకో పది వారాలు పొడిగించండి. పేర్లలో ఏవో తేడాలొస్తే మావాళ్ళు సర్దేశారు లెండి.”

“అలాగేనండీ,” అని పెట్టేసి, ఆమె బల్ల మీది రెండు కాగితాల కట్టలనూ మార్చి మార్చి చూసింది.

“తిట్టేదేదో తిట్టెయ్యరాదూ?” అన్నాడు భర్త, ఒక కాలికి చెప్పుతో.

“ఒక్కరంటే ఒక్కరు కనిపెట్టలేదండీ.”

“మన అదృష్టం!”

“ఏం అదృష్టం? రెండు కథలు వేరువేరుగా రాయలేక నా వేళ్ళు పడిపోతున్నాయి. పెళ్ళయ్యాక ఒక్క సాయంత్రమైనా మీతో బయటికొచ్చానా?”

ఆమె లేచి, సగం రాసిపెట్టిన రెండు కాగితాల కట్టల్లో ఒకదాన్ని సొరుగులో పడేసింది. అతని వైపు తిరిగి కళ్ళెగరేసింది.

“రేపు ఆఫీసు నుంచి వస్తూ రెండు సినిమా టిక్కెట్లూ, ఓ పెట్టెడు కార్బన్ పేపర్లూ పట్టుకురండి.”